చెత్తకి జరిమానా సరే, రాత్రి ట్రాక్టర్‌కి ఎవరు వేస్తారు?

ఏటిగట్టు:
మాది ఒడిశా అంచు ఊరు. ఏరు దాటితే ఆంధ్ర. మొన్న మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకునే ఆవిడకి 500 జరిమానా వేశారు, కాలవ పక్కన కాగితం ప్లేట్లు పడున్నాయని. అదే వారం రాత్రిపూట మూడు ట్రాక్టర్లు వచ్చి, కూల్చిన మేడ పెళ్లలన్నీ ఏటిగట్టు మీద పోసి పోయాయి. వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఇలాంటి జరిమానా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

బరంపురం అల్లుడు:
ఉండాలి మాస్టారూ. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు, స్థానిక సంస్థ బైలా, అంటే సొంత నియమం, చేసుకుని అక్కడికక్కడే జరిమానా వెయ్యమని. భయం లేకపోతే మనవాళ్ళు కదలరు. కార్తీక వనభోజనాల మర్నాడు ఏటి ఒడ్డు చూశారా? వందమంది దాటి ఎక్కడ పడితే అక్కడ కూడాలంటే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకి చెప్పాలని కూడా ఆ 2016 నిబంధనల్లో రాశారు. మనలో ఎవరైనా చెప్పామా?

ఇడ్లీపొయ్యి:
నాకూ బండి ఉంది. చెత్తబండి పొద్దున్న ఏడుకి వస్తుంది, నా బేరం పదిన్నరకి అయిపోతుంది. మధ్యలో ప్లేట్లు నెత్తిన పెట్టుకోమంటారా? జరిమానా, రసీదు, ఈ రెండు మాటలూ తెలుగులోనూ ఒడియాలోనూ ఒకటే. నాకు మొదటిదే దొరికింది, రెండోది ఇవ్వలేదు.

సంఘం అక్క:
నేను మహిళా సంఘం తరఫున స్వచ్ఛ సాథిగా, అంటే చెత్త వేరుచేసి ఇమ్మని చెప్పే పనిమీద, ఇల్లిల్లూ తిరిగినదాన్ని. తమ్ముడూ, నీ టైము గొడవ నిజమే. బజారుకి రెండో ట్రిప్పు బ్యాటరీ బండి కావాలి, ఆ మాట మీటింగులో నేనే అన్నాను. కానీ ఇళ్ళ సంగతి వినండి. తడి చెత్త వేరుగా ఇమ్మని ఏడాది పాటు బతిమాలాం. పిల్లల డైపర్లు, పగిలిన బల్బులు అన్నం మెతుకుల్లోనే కలిపి ఇచ్చేవారు. ఎరువు కేంద్రంలో వాటిని చేత్తో ఏరేది మేమే. ‘మో ఖత’ అని ఎరువు బస్తా అమ్ముతున్నాం కదా, అందులో గాజుముక్క వస్తే రైతు మమ్మల్ని అంటాడు. అంచేత మేడ ఇళ్ళవాళ్ళకి జరిమానా వేస్తే నేను చప్పట్లు కొడతాను. ఇడ్లీ బండికి మాత్రం ముందు డబ్బా ఇచ్చి, తర్వాత అడగాలి.

పాత గుమస్తా:
ట్రాక్టర్ విషయం ఒక్కటి చెబుతాను. కూల్చిన మట్టికీ ఇటుకలకీ 2016లోనే వేరే నిబంధనలు వచ్చాయి. రోజుకి 20 టన్నులు, లేదా ఒక పనికి నెలకి 300 టన్నులు దాటితే ముందే ప్లాన్ ఇచ్చి అనుమతి తీసుకోవాలని వాటిలో రాశారు. మూడు ట్రాక్టర్లు అంత తూగవు. అలాగని దారిమీదా కాలవలోనూ పొయ్యమని లేదు, చిన్న పనివాడికైనా అది తప్పే. తమాషా ఏమిటంటే, బయట చెత్త తగలబెడితే 5000, పెద్దఎత్తున తగలబెడితే 25000 కట్టించమని పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో చెప్పింది. నిప్పు పెడితే పొగ కనిపిస్తుంది, పట్టుకుంటారు. పెళ్లలకి పొగ రాదు.

బరంపురం అల్లుడు:
పైగా బండి ఏపీ నంబరుదైతే ఇటువాళ్ళు, ఓడీ నంబరుదైతే అటువాళ్ళు చేతులెత్తేస్తారు.

పాత గుమస్తా:
అది సాకు బాబూ. కేంద్రం నిబంధనలు రెండు ఒడ్డులకీ ఒకటే. బండి ఎక్కడిదని కాదు, ఎవరి గట్టు మీద పోసిందో వాళ్ళు వెయ్యాలి. నంబరు కనబడేలా ఫొటో, తేదీ, టైము, చోటు రాసి ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

ఏటిగట్టు:
ఫొటో ఉంది సార్. నంబరూ కనబడుతోంది. ఇబ్బంది ఏమిటంటే ఆ ట్రాక్టర్ వరసకి మా మావయ్యది. ఉగాదికి భోజనం వాళ్ళింట్లోనే.

ఇడ్లీపొయ్యి:
టిఫిన్ బండి ఆవిడకి మావయ్య లేడు మరి.

సంఘం అక్క:
భోజనం చేసి రా తమ్ముడూ. మర్నాడు కాగితం ఇద్దువుగాని, నేనూ తోడు వస్తాను.