ఒకేలా కనిపించే ఇంగ్లీషు మాటలు: జంటలుగా బట్టీ పట్టించడం మేలా, చేటా?

గోదారి గట్టు: మా తమ్ముడు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. చూడ్డానికి ఒకేలా ఉండి అర్థాలు వేరైన ఇంగ్లీషు మాటలను జంటలుగా అచ్చువేసి కోచింగ్‌లో ఇచ్చారు. అఫెక్ట్, ఎఫెక్ట్, ప్రిన్సిపల్ రెండు రకాలు, స్టేషనరీ రెండు రకాలు. ఇంతకుముందు సరిగ్గా రాసేవి కూడా ఇప్పుడు తప్పు రాస్తున్నాడు. ఈ పద్ధతి మంచిదేనా?

పాత పంతులు: మంచిదే. పక్కపక్కన పెడితేనే తేడా కళ్ళకు కడుతుంది. స్టేషనరీనే తీసుకోండి. కదలకుండా ఉన్నదానికి 'ఎ' అక్షరం, కాగితాలూ కలాలకు 'ఇ' అక్షరం. పేపర్ అనే మాట చివర 'ఇఆర్' ఉంది కదా, అదే గుర్తు. ఒక్కసారి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

హనుమకొండ కుర్రాడు: మరిచిపోరు సార్, కలిపేసుకుంటారు. రెండూ కొత్త మాటలైనప్పుడు ఒకేరోజు నేర్పితే ఏది దేనిదో తెలియకుండా పోతుంది. ముందు ఒకటి బాగా వాడనివ్వాలి, రెండోది కొన్ని వారాల తర్వాత. అసలు స్టేషనరీ కథ చెబితే గుర్తులతో పనే లేదు. మధ్యయుగాల యూరప్‌లో చాలామంది ఊరూరా తిరిగి సరుకు అమ్మేవారు. ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాడిని స్టేషనర్ అన్నారు. రెండు మాటలకూ మూలం కదలకుండా ఉండటమే.

పాత పంతులు: మూలం ఒకటే అని చెబితే వాడు స్పెల్లింగ్ కూడా ఒకటే అనుకుంటాడు. పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఉంటాయి బాబూ, కథ చెప్పుకునే టైమ్ ఉండదు.

లారీ బుకింగ్: ట్యాంకర్ల వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటుంది. ముందు 'ఇన్' ఉంది కాబట్టి అంటుకోదని మా క్లీనర్ కుర్రాడు అనుకున్నాడు. నిజానికి అది తేలిగ్గా అంటుకుంటుందని హెచ్చరిక, ఫ్లేమబుల్ అన్నా అదే అర్థం. ఇది ఏ జాబితాలోనూ ఉండదు.

మందుల కొట్టు: మా పనిలో ఇది ప్రాణాల మీదకు వస్తుంది. హైడ్రాక్సిజిన్ దురదకూ ఎలర్జీకీ. హైడ్రలజిన్ బీపీకి. రెండింటికీ మొదలు 'హైడ్ర', చివర 'జిన్'. అందుకని కొన్ని దేశాల్లో తేడా ఉన్న నడిమి భాగాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తారు. కడుపులో యాసిడ్ తగ్గించే లోసెక్ పేరు, ఒంట్లో నీరు లాగే లాసిక్స్‌తో కలిసిపోతోందని అమెరికాలో 1990లో పేరే మార్చి ప్రైలోసెక్ చేశారు. నేనైతే అలాంటి మందులను ఒకే అరలో పెట్టను.

హనుమకొండ కుర్రాడు: చూశారా, వేరే అరలో. నేను చెప్పేది అదే.

పాత పంతులు: తేడాను పెద్ద అక్షరాల్లో చూపిస్తారు అన్నది చదవలేదా? నేను చెప్పేది అది.
ఇంకో సంగతి. పోగొట్టుకోవడానికి ఒక 'ఓ', వదులుగా ఉన్నదానికి రెండు 'ఓ'లు. ఈ తప్పు చేయని తెలుగు పిల్లవాడిని నేను చూడలేదు. కారణం మన నోట్లోనే ఉంది. వదులైన చొక్కాను మనం 'లూజు' అంటాం. ఇంగ్లీషులో అది 'లూస్', చివర స. పోగొట్టుకోవడమే 'లూజ్'. చొక్కా దగ్గర జ పలకడం చిన్నప్పుడే అలవాటైపోయింది కాబట్టి, జ వినబడగానే పిల్లవాడు రెండు 'ఓ'లు రాసేస్తాడు. ఉచ్చారణ దిద్దితే అర్ధం దానంతటదే దారిలో పడుతుంది. జాబితా చదివిస్తూ పైకి పలికించాలి. అర్ధం తెలియకుండా బట్టీ పట్టమని నేను ఎక్కడా అనలేదు.

హనుమకొండ కుర్రాడు: మంచి మాట ఎత్తారు సార్. మా టీమ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. సర్వర్ మారిస్తే డేటా పోతుందని ముందుగానే మెయిల్ పెట్టింది. అందులో సరిగ్గా ఆ మాటలోనే ఒక 'ఓ' ఎక్కువ పడింది. మీటింగ్‌లో మెయిల్‌ను తెర మీద వేసి, ఆ మాటను పెద్దది చేసి నవ్వుకున్నారు. డేటా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఆమె ఎవరికీ మెయిల్ పెట్టలేదు, అన్నీ నాతో నోటితో చెప్పేది. ఆమె రాసింది అక్కడ కూర్చున్న ప్రతివాడికీ అర్థమైంది.

పాత పంతులు: బడిలో ఎవరైనా గట్టిగా దిద్ది ఉంటే ఆ అమ్మాయికి ఆ అవమానం ఉండేది కాదు.

హనుమకొండ కుర్రాడు: అంటే తప్పు ఆమెదే, నవ్వినవాళ్ళది కాదు?

రెండు జడలు: మాస్టారూ, పైన మీరు రెండుసార్లు 'అర్ధం' అని రాశారు. 'ధ' ఒత్తు పెడితే సగం అని. మీరు చెప్పదలచుకుంది 'థ'తో రాసే అర్థం. మేమెవరం నవ్వలేదే.

పాత పంతులు: దీనికీ దానికీ పోలిక ఏమిటమ్మా? తెలుగులో ఒత్తు తప్పితే ఎవరి ఉద్యోగమూ పోదు. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పితే దరఖాస్తు పక్కన పడేస్తారు. ముప్పై ఏళ్ళు పల్లెటూరి బళ్ళలో చెప్పాను. నా పిల్లల వెనక డబ్బు లేదు, పలుకుబడి లేదు. ఆ ఒక్క అక్షరం దగ్గర కూడా వాళ్ళు దొరికిపోకూడదనే నా తాపత్రయం. లోకం మారేదాకా వాళ్ళను ఆగమంటావా?

హనుమకొండ కుర్రాడు: ఆగమనను సార్. కానీ మీరు పిల్లలను దిద్దుతున్నారు, పడేసేవాళ్ళను ఒక్క మాట అనడం లేదు. నా గొడవ జాబితా మీద కాదు. ఒక 'ఓ' చూసి మనిషి తెలివిని కొలిచేవాళ్ళ మీద.

పాత పంతులు: వాళ్ళను నువ్వు అను. నేను పాఠం చెబుతాను.

గోదారి గట్టు: మీరిద్దరూ కాస్త ఆగండి. జాబితాను కత్తిరించి జంటలను విడదీశాం, రోజుకు కొన్ని పైకి చదివిస్తున్నాను. కాంప్లిమెంట్ రెండు రకాల దగ్గర ఆగిపోయాడు. ఎవరైనా చెబుతారా?

పాత పంతులు: 'ఎల్' తర్వాత 'ఇ' ఉంటే లోటు పూరించేది, కంప్లీట్‌లోనూ 'ఎల్' తర్వాత 'ఇ' ఉంది చూడు. 'ఐ' ఉంటే పొగడ్త.

హనుమకొండ కుర్రాడు: రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయని కూడా చెప్పండి తమ్ముడికి.

పాత పంతులు: పరీక్ష అయ్యాక చెప్పు.