ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులో 75 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 75 ఫ్రేములు) వస్తున్నా ప్లేస్టేషన్ 5 (పీఎస్5) అంత నున్నగా ఎందుకు ఆడదు?

అనంతపురం_గేమర్:
రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 16 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 60 హెర్ట్జ్ మానిటర్. 1080పీ హైలో కౌంటరు 75 చూపిస్తాంది. అయినా కొత్త ఏరియాలోకి పోతే ఒక్క క్షణం పట్టేస్తుంది, కెమెరా తిప్పితే జర్క్. అదే గేమ్ పీఎస్5లో 60కే నున్నగా పోతాంది. మధ్యాహ్నం పూట ఇంకా ఘోరం. కార్డు మార్చాల్నా అన్నా?

బురుజు_కర్నూలు:
కార్డు జోలికి పోవద్దు తమ్ముడూ. సగటు ఎఫ్‌పీఎస్ పెట్టి పోల్చడమే తప్పు. సెకనులో 74 ఫ్రేములు 12 మిల్లీసెకన్లకొకటి వచ్చి, మిగిలిన ఒక్కటి 112 తీసుకున్నా కౌంటరు 75 అనే అంటుంది. కంటికి తగిలేది ఆ 112. పీఎస్5 ప్రతి ఫ్రేమునూ 16.7లోనే ఇవ్వాలని చూస్తుంది, భారం పెరిగితే చాలా గేముల్లో రిజల్యూషన్ తగ్గించి మరీ.

ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు పనితీరు చూసే, సర్దే సాఫ్ట్‌వేర్) ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ ఆన్ చెయ్యి, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో కనిపిస్తుంది. తర్వాత ముందుగా ర్యామ్. ఒక్క స్టిక్ అంటే సింగిల్ ఛానెల్ (ర్యామ్‌కూ సీపీయూకూ మధ్య ఒకటే దారి), 3200 వేగంలో 25.6 జీబీ/సెకను మాత్రమే. అదే మోడల్ ఇంకో స్టిక్ కొని, నాలుగు స్లాట్ల బోర్డయితే సీపీయూ నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్యి, లేకపోతే 2133 లేదా 2400లోనే నడుస్తుంటుంది. రెండు స్టిక్కులతో బూట్ కాకపోతే 2933కు దించు.

కొత్త ఏరియాలో పట్టేయడం చాలావరకు షేడర్ల (వెలుగు, రంగులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) పని. పీఎస్5 అన్నింట్లో ఒకే రకం చిప్పు కాబట్టి షేడర్లు ముందే కంపైల్ అయి (చిప్పు భాషలోకి మారి) వస్తాయి. పీసీలో నీ కార్డుకు, నీ డ్రైవర్‌కు తగ్గట్టు అక్కడికక్కడే కావాలి. మొదటిసారి వచ్చే షేడర్ స్క్రీన్ స్కిప్ చెయ్యొద్దు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (కంపైల్ అయిన షేడర్లను దాచే చోటు) 10 జీబీ పెట్టు. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ఈ కంపైలింగ్ మళ్లీ మొదలవుతుంది. కొన్ని గేముల్లో తప్పు గేములోనే ఉంటుంది, దానికి మనం చేసేదేమీ లేదు.

దేవుని_కడప:
మధ్యాహ్నం ఎక్కువంటే వేడి కూడా కారణమే. గది 10 డిగ్రీలు పెరిగితే చిప్పూ దాదాపు అంతే పెరుగుతుంది. 3060 కార్డు 83 డిగ్రీల దగ్గర క్లాకు (చిప్పు వేగం) తగ్గించుకుంటుంది. పీఎస్5 సంగతి వేరు: దాని క్లాకు వేడిని బట్టి కాదు, పవర్ వాడకాన్ని బట్టి మారుతుందని పీఎస్5 ప్రధాన రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలోనే వివరించాడు. అందుకే మన ఎండలోనైనా ఏసీలోనైనా పర్ఫార్మెన్స్ ఒకటే, ఫ్యాను మోత పెరుగుతుందంతే. మరీ కాగితే హెచ్చరించి ఆగిపోతుంది. దాని మాన్యువల్‌లో చెప్పిన గది వేడి పరిమితి 35 డిగ్రీలు. మే నెలలో మన గదులు అది దాటేస్తాయి, కాబట్టి టీవీ స్టాండు అరలో ఇరికించొద్దు, గోడకు 10 సెంటీమీటర్లు ఎడం ఉంచాలి.

తాడిపత్రి, బేతంచెర్ల వైపైతే బండల పాలిష్ దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకోవాలి, గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

అనంతపురం_గేమర్:
ర్యామ్ వచ్చేదాకా ఏం చేయాల?

బురుజు_కర్నూలు:
రివాట్యూనర్‌లో (ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే ప్రోగ్రామ్) ఫ్రేమ్ లిమిట్ 60 పెట్టు, వీసింక్ (ఫ్రేములను మానిటర్ లయకు కలిపే సెట్టింగు) ఆన్. 60 హెర్ట్జ్ మానిటర్‌కు 75 పంపితే చిత్రం అడ్డంగా చీలడం తప్ప లాభం లేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు పవర్ లిమిట్ 85 శాతానికి దించితే వేడీ తగ్గుతుంది, 60కి ఏ లోటూ రాదు.