జైనబ్ పేరుకు అర్థం: నాన్నకు అలంకారమా, చెట్టు పేరా?

కడప నూర్: చెల్లెలికి పాప పుట్టింది, ఈ వారంలోనే అఖీఖా (పాపకు పేరు పెట్టే వేడుక). జైనబ్ అని పెట్టాలంటున్నారు. ‘నాన్నకు అలంకారం’ అని కొందరు, ఏదో చెట్టు పేరని కొందరు. ఏది నిజం?

పాతబస్తీ భాయ్: జైన్ అంటే అలంకారం, అబ్ అంటే నాన్న. ఇందులో చర్చేముంది? హజ్రత్ అలీ గారి కూతురి పేరు. మా ఇంట్లో తరతరాలుగా ఇదే చెబుతారు.

గుంటూరు సలీమా: ఇళ్లల్లో చాలా చెబుతారు. 13వ శతాబ్దపు అరబీ నిఘంటువు లిసానుల్ అరబ్‌లో, చూడ్డానికి అందంగా ఉండి మంచి వాసన వచ్చే చెట్టు జైనబ్ అనీ, ఆడవాళ్ల పేరు దాన్నుంచే వచ్చిందనీ ఉంది.

పాతబస్తీ భాయ్: ప్రవక్త గారు తన భార్యల్లో ఒకరి పేరు బర్రా అని ఉంటే జైనబ్ అని మార్చారు. చెట్టు పేరు పెట్టడానికా మార్చింది?

గుంటూరు సలీమా: బర్రా అంటే పుణ్యాత్మురాలు. తనను తానే పొగుడుకున్నట్టు ఉంటుందని మార్చారు. మరి ‘నాన్నకు అలంకారం’ పొగడ్త కాదా? మీ ఉదాహరణ నా వైపే ఉంది భాయ్.

పాతబస్తీ భాయ్: మా అమ్మాయి పేరూ జైనబే. స్కూల్లో జైనాబీ అని రాసేశారు. పాస్‌పోర్టు కోసం ఎన్ని ఆఫీసులు తిరిగానో! అర్థం తెలియకపోతే పేరుకు విలువ ఉండదు.

చిన్నోడు: స్పెల్లింగుకీ అర్థానికీ ఏంటి సంబంధం 😀

పల్నాటి రాము: మా ఊళ్లో పీర్ల పండగ చేస్తాం. ఈ జైనబ్ గారెవరో చెప్పండి.

పాతబస్తీ భాయ్: నేను చెప్పిన అలీ గారి కూతురే, ఇమామ్ హుసేన్ గారి చెల్లెలు. 680లో కర్బలాలో అన్నను చంపి, ఈమెను బందీగా డమాస్కస్ తీసుకెళ్లారు. అప్పటి పాలకుడు యజీద్ దర్బారులో వాడి ముఖం మీదే నిలదీసింది.

గుంటూరు సలీమా: చూశారా! అంత చేసిన మనిషిని తలుచుకోవాలంటే మీకు ముందు వాళ్ల నాన్న గుర్తుకొస్తారు.

పాతబస్తీ భాయ్: అలీ గారి కూతురు కాబట్టే ఆ ధైర్యం. తండ్రి పేరు చెబితే మీకెందుకు మంట?

గుంటూరు సలీమా: మా ఇద్దరు పిల్లలకీ పేర్లు మామగారే పెట్టారు. కన్నదాన్ని నేను, నన్ను ఒక్క మాట అడగలేదు. అందుకే మంట. నూర్ గారూ, మీ చెల్లెలిని అడిగారా?

కడప నూర్: లేదు ఆపా. పేరు వాళ్ల మామగారు ఖాయం చేశారు. ఇప్పుడే ఫోన్ చేశాను. తనకి మర్యం ఇష్టమట, చెప్పడానికి టెన్షన్ పడుతోంది.

గుంటూరు సలీమా: నువ్వు వెళ్లి చెప్పు. అన్నవి కదా.

పాతబస్తీ భాయ్: మర్యం పెట్టుకోనీ, మంచి పేరే. కానీ జైన్ అంటే అలంకారం. ముందు అది ఒప్పుకోండి.