చర్చ: కోడీ కూరగాయలూ ఒకే బాండ్లిలో వండొచ్చా, దేనికది వండాలా?

తిరుచానూరు రోడ్డు
నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. ఇంటికొచ్చి స్టవ్ వెలిగించేసరికి రాత్రి ఏడున్నర. తిరుమల శనివారాలు అయిపోయాయి కదా అని మొన్న అరకిలో బ్రాయిలర్ చికెన్ తెచ్చాను. గుమ్మడికాయ, గెనుసుగడ్డ, క్యారెట్, బీన్స్, టమోటా అన్నీ ఒకేసారి బాండ్లిలో వేసి మూత పెట్టి వండాను. తోమాల్సింది ఒక్క గిన్నె. పీలేరు నుంచి వచ్చిన మా అమ్మ ఒక ముద్ద తిని, "కోడి రుచీ పోయింది, కూరగాయ రుచీ పోయింది. దేనికది వండుకోవాల" అంది. గుమ్మడి గుజ్జైన మాట నిజం. గెనుసుగడ్డ మధ్యలో గట్టిగానే ఉండిపోయింది. అయినా ఈ పద్ధతే తప్పంటే ఒప్పుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

చిత్తూరు వంటిల్లు
మీ అమ్మగారి మాటే నాదీ. కోడికూరలో పడాల్సినవి ఎర్రగడ్డలు, అల్లం, తెల్లగడ్డలు, ధనియాలు, గసగసాలు, టెంకాయ. కూరగాయలు ఎందుకు నాయనా? నాటుకోడి అయితే గంటకు పైగా ఉడకాలి, అంతసేపు గుమ్మడి నిలుస్తుందా? పైగా సంగటిలోకి కారంగా, పల్చగా పులుసు ఉండాలి. అందులో గుమ్మడి తీపి కలిస్తే సంగటి నోటికి పోదు. టైమ్ లేకపోతే కోడి ఒక్కటే చేసుకుని, కూరగాయలు మర్నాడు చేసుకోండి.

బైరాగిపట్టెడ
తమ్ముడూ, పద్ధతిలో తప్పు లేదు. వరసలో ఉంది. నేను చాలా ఏళ్లుగా ఇట్లాగే వండుతున్నా, అందుకే వివరంగా చెప్తున్నా.

ఉప్పు తగలగానే బ్రాయిలర్ ముక్క నీళ్లు వదులుతుంది. గుమ్మడి కూడా అంతే. నువ్వు అన్నీ కుక్కి మూత పెట్టేశావు, ఆ నీళ్లు ఆవిరై పోవడానికి దారి లేదు. బాండ్లిలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 దాకా పోవాలి. అందుకే నీ చికెన్ వేగలేదు, ఉడికింది.

వెడల్పాటి ఇనుప బాండ్లి తీసుకో. ముక్కల తడి తుడిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా నూనెలో పరుచు. మూత వద్దు, గరిటెతో కెలకొద్దు. నాలుగైదు నిమిషాలకు ముక్క అడుగు వదిలి తనంతట తనే కదులుతుంది. అప్పుడు తిప్పు. రెండు పక్కలా రంగొచ్చాక ప్లేట్లోకి తీసి, అదే నూనెలో ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ ముద్ద వేయించు. తర్వాత గెనుసుగడ్డ, క్యారెట్. ముక్క అంగుళం దాటకూడదు. కాసిని నీళ్లు చల్లి మూత పెడితే పది నిమిషాల్లో సగం ఉడుకుతాయి. అప్పుడు కోడి, బీన్స్. గుమ్మడి చివరి పన్నెండు నిమిషాలకే, తొక్కతోనే, పెద్ద ముక్కలుగా వేయి.

టమోటా ముందే వేశావు చూడు, గెనుసుగడ్డ గట్టిగా ఉండడానికి అదీ ఒక కారణం. మన నాటు టమోటాకు పులుపెక్కువ. పులుపు తగిలితే గడ్డలు మెత్తబడడం ఆలస్యమవుతుంది. గడ్డలో కత్తి దిగాకే టమోటా వేయి.

చిత్తూరు అక్కా, నాటుకోడి గురించి మీరన్నది అక్షరాలా నిజం. దానికి ఈ పద్ధతి పనికిరాదు. కానీ కోడి అడుగున వదిలిన ఆ రసాన్ని, కొవ్వును గెనుసుగడ్డ పీల్చుకుని అంచులు ఎర్రబడితే వచ్చే రుచి, రెండూ విడివిడిగా వండితే ఎక్కడి నుంచి వస్తుంది? తీపి ఎక్కువైందనిపిస్తే మిరియాలు దంచి వేయండి.

పుత్తూరు
ఒక్క జాగ్రత్త. పచ్చి కోడి కోసిన చెక్క మీద కూరగాయలు తరగొద్దు, ముందే కూరగాయలు తరిగి పెట్టుకోండి. కోడిని కుళాయి కింద కడిగితే ఆ చిందులు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. దింపే ముందు ఎముక దగ్గర గులాబీ రంగు లేకుండా చూసుకోండి.

చిత్తూరు అక్కా, ఒక మాట అడుగుతా. అనపకాయల కాలంలో మీ ఇంట్లో పితికిపప్పు కోడికూరలో వేయరా?

చిత్తూరు వంటిల్లు
వేస్తాం. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఇంట్లో అందరం చుట్టూ కూర్చుని పితుకుతాం. వేళ్లకు ఆ వాసన సాయంత్రం దాకా పోదు. అది మసాలాను పట్టుకుంటుంది, పులుసును చిక్కబరుస్తుంది, తన ఆకారం మాత్రం పోగొట్టుకోదు. ఉర్లగడ్డకైనా ఒప్పుకుంటాను. గుమ్మడికి మాత్రం ఒప్పుకోను. కోడి కారంలో ఆ తీపి నాకు ఎప్పటికీ అడ్డమే.

తిరుచానూరు రోడ్డు
బైరాగిపట్టెడ అక్క చెప్పిన వరసలోనే నిన్న రాత్రి మళ్లీ వండాను. ముందే తరిగి పెట్టుకున్నా యాభై నిమిషాలు పట్టింది, మొన్నటికంటే పావుగంట ఎక్కువ. తోమింది బాండ్లి, ఒక ప్లేటు. టమోటా చివర్లో వేశాను, గెనుసుగడ్డ లోపలిదాకా మెత్తగా ఉంది. గుమ్మడి ముక్క విరగలేదు, తొక్క దగ్గర కొంచెం నల్లగా కాలి తియ్యగా ఉంది. అమ్మ ఏమీ అనకుండా తిని, బాండ్లి అడుగున అంటుకున్న మసాలాలో అన్నం వేసి కలిపి మా ఇద్దరికీ తలా ఒక ముద్ద పెట్టింది. సంగటి చేసిన రోజు మాత్రం గుమ్మడి తేవద్దంది.