ఒక్క డిజిటల్ మెట్టు ఉన్నా 'ఆల్-అనలాగ్' అనొచ్చా? చిన్న జాజ్ లేబుళ్ల మీద చర్చ

టేపుచుట్ట

'ఆల్-అనలాగ్' అంటే వినైల్ రికార్డు తయారీలో ఎక్కడా డిజిటల్ లేదు, అంతా టేపు మీదే నడిచింది అన్న హామీ. 2022 జులైలో, పాత రికార్డుల్ని మళ్లీ వేసే అమెరికా కంపెనీ మొబైల్ ఫిడెలిటీ సంగతి బయటపడ్డప్పటి నుంచి ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. అసలు మాస్టర్ టేపు (రికార్డింగు తుది టేపు) నుంచి తీస్తున్నామన్న పేరుతో అమ్మిన రికార్డుల్లో చాలా వాటికి, మధ్యలో టేపుని డి.ఎస్.డి. అనే డిజిటల్ ఫార్మాట్‌లోకి ఎక్కించి, ఆ ఫైలు నుంచి గాడి చెక్కారని తేలింది. వ్యవహారం కోర్టుకెక్కి రెండున్నర కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది.

లెక్క వేస్తే ముందే తెలిసిపోవాల్సిన విషయం ఇది. ఆ కంపెనీ 'వన్-స్టెప్' పద్ధతిలో ల్యాకర్ (గాడి చెక్కే మెత్తటి పూత పళ్లెం) మీద తీసిన మొదటి నికెల్ అచ్చునే స్టాంపర్‌గా, అంటే రికార్డులు ఒత్తే అచ్చుగా వాడతారు. మరిన్ని స్టాంపర్లు తీసుకునే మధ్య అచ్చు, మదర్, ఉండదు. అచ్చు అరిగిపోతే ఇంకో ల్యాకర్ చెక్కాల్సిందే. ఒక్కో దాని నుంచి వెయ్యి కాపీలు వచ్చాయనుకున్నా, ఆ కంపెనీ ఒక రికార్డుకి చేసిన 40,000 కాపీల ప్రకటనకి ఒక్కో వైపుకి 40 ల్యాకర్లు కావాలి. అంటే ఆ టేపు 40 సార్లు తిరగాలి. ఏ కంపెనీ తన విలువైన టేపుని అన్నిసార్లు తిప్పనిస్తుంది?

పెద్ద కంపెనీకి ఇది అమ్మకాల మాట. ముగ్గురు నలుగురు కలిసి నడిపే జాజ్ లేబుల్‌కి మాత్రం 'ఆల్-అనలాగ్' అన్న ఆ ఒక్క మాటే సరుకు. అందుకే నా వాదన ఇది: మైకు నుంచి గాడి దాకా ఎక్కడ డిజిటల్ తగిలినా ఆ మాట వాడకూడదు.

సూదిమొన

మాట తప్పు వాడకూడదనడం వరకు మీతో ఉన్నానండీ. కానీ ఆ మాట చుట్టూ ఇంత పూజ దేనికి?

అమెరికా జాజ్ లేబుల్ బ్లూ నోట్ సంగతే చూడండి. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో మొదలుపెట్టాడు, చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ తర్వాత వచ్చి చేరాడు. వాళ్లిద్దరి గొప్పతనం వాడిన యంత్రంలో లేదు. రికార్డింగుకి ముందు రిహార్సల్‌కి కూడా వాయిద్యకారులకి డబ్బిచ్చారు. చేతిలో పెద్దగా సొమ్ము లేని కంపెనీ అలా చేయడం మామూలు విషయం కాదు. పాటలు పాకానికి వచ్చాకే రికార్డింగు ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆయన పగలు కళ్లద్దాల డాక్టరు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో స్టూడియో కట్టేదాకా, హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలోనే రికార్డు చేశాడు. (రెండు ఊళ్లూ న్యూజెర్సీవే. ఎడిసన్‌లో ఉన్న మనవాళ్లకి కారులో గంట దూరం.)

ఆ వాన్ గెల్డరే తర్వాత డిజిటల్‌ని మనసారా ఆహ్వానించాడు, తన పాత టేపుల్ని 24-బిట్ డిజిటల్‌లో తనే మళ్లీ మాస్టర్ చేశాడు. ఆయనకి లేని పట్టుదల మనకెందుకు? పైగా ఆ టేపులకి అరవై ఏళ్లు దాటాయి. తిప్పిన ప్రతిసారీ అతుకులు ఊడే ప్రమాదం, పొడి రాలే ప్రమాదం. సెకనుకి కోటీ పన్నెండు లక్షల నమూనాలు తీసే డి.ఎస్.డి. 256లోకి ఒక్కసారి జాగ్రత్తగా ఎక్కించి టేపుని పక్కన పెట్టడమే దాన్ని కాపాడుకునే దారి.

గాడిలెక్క

ఇద్దరూ వదిలేసిన చోటు ఒకటుంది. డిజిటల్ ఎక్కువగా దూరేది అక్కడే.

గాడి చెక్కే లేత్‌కి రాబోయే శబ్దం ముందుగా తెలియాలి. పెద్ద బాస్ వస్తుంటే గాళ్ల మధ్య ఎడం పెంచాలి, నెమ్మదిగా ఉన్నచోట తగ్గించాలి. లేకపోతే ఒక గాడి పక్కదాన్ని కోసేస్తుంది, లేదా వైపుకి 20 నిమిషాలు పట్టాల్సిన చోట 13 కూడా పట్టవు. 33 స్పీడులో (నిమిషానికి 33⅓ చుట్లు) ఒక చుట్టుకి 1.8 సెకన్లు. లేత్‌ని బట్టి సగం చుట్టు నుంచి పూర్తి చుట్టు వరకు ముందస్తు సమాచారం కావాలి.

అనలాగ్‌లో దీనికి ప్రత్యేకమైన టేపు మెషీన్ ఉంటుంది, దానికి టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్లు రెండు. టేపు మొదట లేత్‌కి ముందస్తు సమాచారమిచ్చే ప్రివ్యూ హెడ్ మీదుగా వెళ్లి, అక్కడి నుంచి రోలర్ల చుట్టూ మెలికలు తిరిగి అసలు హెడ్‌కి చేరుతుంది. సెకనుకి 15 అంగుళాల వేగంలో పూర్తి చుట్టుకి ఆ రెండిటి మధ్య 27 అంగుళాల టేపు ఉండాలి. 30 అంగుళాల వేగానికి 54. 45 స్పీడు రికార్డుకైతే ఈ దూరాలు మళ్లీ మారతాయి, రోలర్లు మార్చి టేపు దారి కొత్తగా వేయాలి.

ఇంత బాధ ఎందుకని 1970ల చివరి నుంచి చాలా స్టూడియోలు డిజిటల్ డిలే (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి కాసేపు ఆపి వదిలే పెట్టె) పెట్టుకున్నాయి. టేపు నుంచి వచ్చిన శబ్దం సూటిగా లేత్ కంప్యూటర్‌కి వెళ్తుంది. గాడిలోకి వెళ్లేది మాత్రం డిలే దాటి వచ్చిన శబ్దం. అంటే మనం వినేదే డిజిటల్! అసలు టేపు పెట్టి, అనలాగ్ డెస్కులోంచి పంపినా సరే. 1980ల్లో కొన్న రికార్డుల్ని 'అప్పట్లో అంతా అనలాగే' అని నమ్మేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

ప్రివ్యూ మెషీన్ లేని చిన్న లేబుల్‌కి నిజాయితీగా రెండే దారులు. ఎడం స్థిరంగా పెట్టి వైపుకి తక్కువ నిమిషాలతో సరిపెట్టుకోవడం, లేదా ఎవరైనా పక్కన కూర్చుని సంగీతం ముందే తెలుసుకుని చేత్తో ఎడం తిప్పడం.

టేపుచుట్ట

గాడిలెక్క గారూ, ధన్యవాదాలు. డిలే ఉన్నదాన్ని 'ఆల్-అనలాగ్' అనకూడదు. నా మాట మార్చుకోను.

సూదిమొన గారూ, పాత టేపుల రక్షణ గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. కానీ కొత్తగా రికార్డు చేసే లేబుళ్లున్నాయి కదా. బ్లూ నోట్ పాత రికార్డుల్ని మళ్లీ వేసే 'టోన్ పొయెట్' వరుసకి గాడి చెక్కే కెవిన్ గ్రే, తన ఇంట్లోనే వాల్వు (వాక్యూమ్ ట్యూబు) పరికరాలతో గది అమర్చి కోహియరెంట్ రికార్డ్స్ నడుపుతున్నాడు. సాక్సోఫోన్ కిర్‌స్టెన్ ఎడ్‌కిన్స్, గిటార్ ఆంథనీ విల్సన్ అక్కడ రికార్డు చేశారు. నేరుగా రెండు ట్రాకుల టేపు మీదికే. తర్వాత మిక్సింగ్ ఉండదు.

దాని అర్థమేంటో దగ్గర్నుంచి చూడండి. పదిన్నర అంగుళాల రీల్ మీద 2,500 అడుగుల టేపు. 15 వేగంలో 33 నిమిషాలు, 30 వేగంలో పదహారున్నర. అంటే ఎనిమిది నిమిషాల పాట రీల్‌కి రెండుసార్లే. పొద్దున్నే హెడ్లు డీమాగ్నెటైజ్ చేయాలి, అంటే వాటికి పట్టిన అయస్కాంతత్వం తీసేయాలి, లేకపోతే బుస పెరుగుతుంది, టేపు మీది పై స్వరాలు కొద్దికొద్దిగా చెరిగిపోతాయి. టెస్ట్ టేపు వేసి హెడ్ వాలు సరిచేయాలి. అది తప్పితే ముందు పోయేది డ్రమ్ముల పక్కనుండే సింబల్స్ మెరుపు. డ్రమ్ముల మైకులోకి బాస్ ఎలాగూ వస్తుంది. దాన్ని తర్వాత తీసేయలేం కాబట్టి, బాస్ వాయించే మనిషిని రెండడుగులు జరపడమే అక్కడ ఈక్వలైజర్ (బాస్, పై స్వరాలు హెచ్చించి తగ్గించే పరికరం).

సోలోలో ఒక స్వరం జారితే? మళ్లీ మొదటి నుంచి. కాదంటే బ్లేడుతో ఏటవాలుగా కోసి రెండు టేకుల్ని అతకాలి, అదీ సింబల్ మోత రెండిట్లో ఒకేలా ఉన్నచోట మాత్రమే. అందుకే అక్కడ వాయించేవాళ్లు ఒకరినొకరు వింటూ వాయిస్తారు. మీరు చెప్పిన లయన్ రిహార్సల్ డబ్బులు కూడా ఇందుకే ఖర్చయ్యాయి. అనలాగ్ పట్టుదల వల్ల వచ్చేది టేపు 'వెచ్చదనం' కాదు. నిర్ణయాలు ముందే తీసుకోక తప్పని పరిస్థితి.

సూదిమొన

కొత్త రికార్డింగు విషయంలో మీ మాటకి బలముంది. అక్కడ నేను వెనక్కి తగ్గుతున్నా.

కానీ కొనేవాడి చేతిలో రికార్డు పాడయ్యేది టేపు దగ్గర కాదు, ఆ తర్వాత. చెక్కిన ల్యాకర్‌ని ఒకట్రెండు రోజుల్లో ప్లేటింగుకి (నికెల్ అచ్చు తీయడానికి) పంపాలి. ఆలస్యమైతే, అందులోనూ వేడి తగిలితే, మెత్తటి గాడి గోడలు సర్దుకోవడం మొదలుపెడతాయి. పాట మొదలవక ముందే దాని నీడలాంటి ప్రతిధ్వని సన్నగా వినిపిస్తుంది. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో ల్యాకర్లు తయారుచేసే అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయాక, ల్యాకర్లకి జపాన్‌లోని ఎం.డి.సి. కంపెనీ మీదే ఆధారపడాల్సి వచ్చింది. చెడగొట్టి ఇంకోటి తీసుకుందామంటే కుదిరే రోజులు కావు.

ఇక నడిమి రంధ్రం. అర మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, లోపలి గాడి దగ్గర, అంటే ఆరు సెంటీమీటర్ల వ్యాసార్ధంలో, శృతి 0.8 శాతం పైకీ కిందకీ ఊగుతుంది. ఒక అర్ధస్వరంలో దాదాపు ఏడో వంతు! డ్రమ్ముల్లో తెలియదు. నెమ్మదైన పాట చివర పియానో ఒక స్వరాన్ని నిలిపితే అది వణుకుతుంది. టేపు నుంచి ల్యాకర్ దాకా ఎంత స్వచ్ఛంగా తీసుకొచ్చినా ఆ ఒక్క స్వరంతో అంతా పోయినట్టే. చిన్న లేబుల్ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే, ప్రివ్యూ మెషీన్ కంటే ముందు టెస్ట్ ప్రెస్సింగుల (అమ్మకానికి ముందు విని చూసే కాపీల) మీద పెట్టాలి. పనికిరాని స్టాంపర్‌ని వెనక్కి పంపే ధైర్యం ఉండాలి.

గాడిలెక్క

'అనలాగ్' అన్నంత మాత్రాన మొదటి తరం టేపు అనుకోకండి. ఈక్వలైజేషన్ చేసి తీసిన కాపీ టేపు నుంచి చెక్కినా అది ఆల్-అనలాగే. కానీ అలాంటి మెషీన్ మీదే ఒకసారి కాపీ తీస్తే బుస దాదాపు 3 డెసిబెల్ పెరుగుతుంది. మంచి డి.ఎస్.డి. బదిలీలో అంత పోదు. అబద్ధం లేకుండానే వినేవాడిని తప్పుదారి పట్టించే మాట ఇది.

కాబట్టి అట్ట మీద ఆ ఒక్క మాట చాలదు. టేపు అసలుదా కాపీయా, ఏ వేగం, ప్రివ్యూ హెడ్డా డిజిటల్ డిలేనా, చెక్కింది ఎవరు, ప్లేటింగ్ ఎక్కడ, ప్రెస్సింగ్ ఎక్కడ. ఆరు విషయాలు, నాలుగు వరుసలు. పాత బ్లూ నోట్ చివరి గాడి పక్కన వాన్ గెల్డర్ ముద్ర, ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీది చెవి ఆకారపు గుర్తు ఉండేవి. చేసినవాళ్ల పేరు రికార్డు మీదే ఉండేదన్నమాట.

టేపుచుట్ట

దానికి ఒకటి కలపండి: ఎన్ని ల్యాకర్లు చెక్కారు, మొత్తం ఎన్ని కాపీలు. 300 కాపీలే వేసే లండన్ ఎలక్ట్రిక్ రికార్డింగ్ కంపెనీలాంటి వాళ్లకి అది చెప్పడం కష్టం కాదు. ముందస్తు ఆర్డరుకి డబ్బు కట్టేముందు ఈ రెండు అంకెలూ ఈమెయిల్లో అడగండి. రెండో అంకెని మొదటిదానితో భాగించండి. మామూలు మూడు మెట్ల ప్లేటింగ్ (మొదటి అచ్చు, మదర్, స్టాంపర్) అయితే వేలల్లో వచ్చినా సరే. వన్-స్టెప్ అని రాసి వెయ్యి దాటితే, ఆ లెక్క ఎలా కుదిరిందో మళ్లీ అడగండి.