ఖాట్మండు ట్రాలీబస్సులు ఎందుకు ఆగిపోయాయి? వైజాగ్‌లో పనికొస్తాయా?

మర్రిపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారం. బొంబాయిలో 1962 నుంచి 1971 దాకా ట్రాలీబస్సులు, అంటే రోడ్డు మీద కట్టిన తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే బస్సులు, తిరిగాయని ఈమధ్యే తెలిసింది. ఖాట్మండులో అయితే 2008 వరకూ నడిచాయట. పట్టాలు అక్కర్లేదు, పొగ లేదు, చప్పుడు తక్కువ. మరి ఎందుకు ఆపేశారు? సింహాచలం ఘాట్‌లో డీజిల్ బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే నాకు ఎప్పుడూ వీటి గురించే ఆలోచన. తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం పెద్దాయన:
బాబూ, వాల్తేరు డివిజన్‌లో రైలు కరెంటు తీగల పని చేసి రిటైరయ్యాను. పశుపతినాథ్ దర్శనానికి వెళ్ళినప్పుడు ఆ బస్సు ఎక్కాను. చైనా సాయంతో 1975లో మొదలైంది. త్రిపురేశ్వర్ నుంచి సూర్యవినాయక్ దాకా 13 కిలోమీటర్లు. సీటు ఖాళీ ఉన్నా వెనక అద్దం దగ్గరే నిలబడ్డాను, తీగలు చూడాలని. రైలింజనుకి పైన ఒక్క తీగ చాలు, తిరుగు కరెంటు పట్టాల్లోంచి పోతుంది. రబ్బరు టైర్లకి ఆ దారి లేదు కదా, అందుకే పైన రెండు తీగలు, వాటిని తాకి కరెంటు అందుకోడానికి బస్సు మీద రెండు గడలు. ఒక మలుపులో ఓ గడ టక్కున జారి పైకి లేచింది. బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి, వెనక వేలాడే తాడు పట్టి గడను కిందికి లాగి, తలెత్తి గురి చూసి మళ్ళీ తీగకి ఆనించాడు. ఎంత నేర్పో!

బస్సులు పనికిరాక ఆగలేదయ్యా. నష్టాలు, నిర్వహణ లేకపోవడం. 2001లో ఆపారు, 2003లో దారి మధ్యలోని కోటేశ్వర్ వరకే మళ్ళీ నడిపారు, 2008తో సరి. తీగ రోజూ రాపిడికి అరుగుతుంది. ఎంత అరిగిందో కొలుస్తూ వేళకి మార్చాలి. ఆ పనివాళ్ళకి జీతాలివ్వలేనివాళ్ళు ట్రాలీబస్సు జోలికి పోకూడదు.

ఎంవీపీ కాలనీ:
హుద్‌హుద్ మర్చిపోయారా? 2014 అక్టోబరు 12న కరెంటు స్తంభాలు ఎలా పడ్డాయో అందరం చూశాం. ఆ తర్వాతే కదా తీగల్ని భూమిలోకి దించడం మొదలెట్టారు. మళ్ళీ పైన తీగలా? బ్యాటరీ బస్సులు ఉండగా ఇవెందుకు?

కంచరపాలెం పెద్దాయన:
తుపాను మాట నిజమే. ఉప్పుగాలి ఇనుప సామానుని ఎలా తినేస్తుందో నాకు తెలుసు, బీచ్ రోడ్డులో వెయ్యమని నేనూ అనను. కానీ కొండెక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో 1972లో ట్రాలీబస్సుల్ని మూసేసి, 2017లో మళ్ళీ తెచ్చారు. ఇప్పుడక్కడ ఎత్తు ఎక్కేచోట తీగ ఉంటుంది, తీగ లేనిచోట బ్యాటరీ మీద పోతుంది. తీగ కింద నడుస్తూనే ఛార్జ్ అవుతుంది కాబట్టి చిన్న బ్యాటరీ సరిపోతుంది. మనకి కావలసింది అలాంటిదే.

మర్రిపాలెం కుర్రాడు:
అయితే సార్, ఘాట్ రోడ్డు ఒక్కదానికే తీగ వేస్తే చాలా?

కంచరపాలెం పెద్దాయన:
చాలు. దిగే బస్సు బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు అదే తీగలోంచి ఎక్కే బస్సుకి అందేలా కూడా చెయ్యొచ్చు. ఒకటే జాగ్రత్త: చందనోత్సవం నాడు బస్సు వెనక బస్సు ఎక్కుతుంది. అన్నీ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది. సబ్‌స్టేషన్‌ని ఆ రోజు రద్దీ లెక్కకే కట్టాలి.