టోయిక్ పరీక్షకు బిజినెస్ ఇంగ్లిష్ మాటలు ఎలా నేర్చుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. తెలుగు మీడియంలో బీకాం చేసి, మూడేళ్లుగా మార్కెట్ యార్డులో ఒక ఉల్లి కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. ఇప్పుడు ప్రయత్నిస్తున్న ఉద్యోగానికి టోయిక్‌లో, అంటే ఆఫీసు పనుల్లో వాడే ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే పరీక్షలో, 990కి 700 స్కోరు అడుగుతున్నారు.

లిజనింగ్ ఫర్వాలేదు. రీడింగ్ అంటేనే టెన్షన్. 75 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఖాళీలు పూరించే ఐదో పార్టులో ఉన్నవి 30 ప్రశ్నలే అయినా నాకు సగం టైం అక్కడే పోతోంది. మాట తెలిసిందే ఉంటుంది, అర్థం వేరే ఉంటుంది. నిన్న 'ఔట్‌స్టాండింగ్ ఇన్వాయిస్' అని వచ్చింది. ఔట్‌స్టాండింగ్ అంటే చాలా గొప్పది అనే బడిలో నేర్చుకున్నాను. తీరా చూస్తే, ఇంకా డబ్బు కట్టని బిల్లు. మన బాకీ! రోజూ తక్‌పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు), బాకీల మధ్యే ఉండే నాకు అది తట్టలేదని చాలా బాధేసింది.

నోటుబుక్కులో ఇంగ్లిష్ మాట, పక్కన తెలుగు అర్థం రాసుకుని 400 దాకా బట్టీ పట్టాను. వాక్యంలో కనబడితే ఒక్కటీ గుర్తురావట్లేదు. 'మీట్ ది డెడ్‌లైన్', 'ప్లేస్ యాన్ ఆర్డర్' లాగా జంటలుగా నేర్చుకుంటేనే నిలుస్తాయేమో అనిపిస్తోంది. కానీ దుకాణం నుంచి వచ్చాక రాత్రి గంటే దొరుకుతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఈ పరీక్ష రాసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ గంటలో కొత్త మాటలు చదవాలా, పాత ప్రశ్నలే మళ్లీ చేయాలా? రోజుకు ఎన్ని మాటలు పెట్టుకుంటే మర్చిపోకుండా ఉంటాయి?